కండె మారేంతసేపు

2022, ఎండలు ముదురుతున్న రోజులు. జగిత్యాలలో ఒక మేడ మీద చిన్న రికార్డింగ్ స్టూడియో ఉండేది. కోరుట్ల నుంచి బస్సులో, బేస్ గిటార్‌ను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వెళ్లేవాణ్ని. బేస్ అంటే నాలుగు లావు తీగల గిటార్. పాటకు అడుగున వినిపించే లోతైన మోత దానిదే. చర్చి పాటలు, పెళ్లి ఆర్కెస్ట్రాలు, యూట్యూబ్ జానపదాలు, మస్కట్‌లో మనవాళ్ల పండగ సభలు, ఏది పిలిస్తే అది ఇరవై రెండేళ్లుగా వాయిస్తున్నాను. ఉప్పు లేని కూర ఎవరూ తినరు, కానీ ఉప్పు బాగుందని మెచ్చుకున్నవాళ్లను చూశారా? మా బతుకూ అంతే.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, ఫోన్లో నేను వాయించిన పాటలు వినేది. "గీ పాటల నీ సప్పుడేదిరా?" అని అడిగేది. ఫోన్ స్పీకర్‌లో బేస్ పలకదు. "యాంప్ ఇంటికి తెస్తనే, పెద్దగ ఇనిపిస్త" అనేవాణ్ని. యాంప్ అంటే గిటార్ మోతను పెద్దది చేసే స్పీకర్ పెట్టె. అది ఎప్పుడూ ఏదో ఒక ప్రోగ్రాంలోనే ఉండేది, నేనూ దాని వెంటే. తెచ్చేలోపే అమ్మ పోయింది.

ఆ వేసవిలో సిరిసిల్ల నుంచి లావణ్య అనే అమ్మాయి స్టూడియోకు వచ్చింది. బట్టలు కుట్టుకుంటూ పాటలు పాడుతుంది. వాళ్ల నానమ్మ మగ్గానికి కండెలు చుడుతూ పాడుకున్న పాటను రికార్డు చేయించుకుంది. కండె అంటే నూలు చుట్టే చిన్న గొట్టం, నిండగానే తీసి ఇంకోటి పెట్టాలి. హెడ్‌ఫోన్స్‌లో మొత్తం విని, దిగాలుగా తీసి పక్కన పెట్టింది.

"ఏందమ్మా, మంచిగ రాలేదా?" అన్నాను.

"మంచిగనే అచ్చిందన్నా. గని గిది మా బాపుకు ఇనపడది."

వాళ్ల నాన్న రాజేశం ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఆ మోతలోనే చెవులు పోయాయి.

"చెవుల మిషిన్ పెట్టిచ్చినం. ఒట్టి గుయ్యిమంటదట. ఉన్నది గూడ పోతదన్నడు డాక్టరు. నేను పాడవట్టినంక ఒక్క పాట ఇనలేదన్నా. నా పెదవులు సూస్కుంట 'మస్తుంది బిడ్డా' అంటడు. నాకు ఎరుకలేదా?"

"లావు సప్పుళ్లు ఇనపడ్తయా?"

"ఉరిమితే ఎరుకైతది. లారీ పోయినా ఎరుకైతది."

కోరుట్ల చేరేదాకా బస్సులో నాకు అదే ఆలోచన. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. బేస్ వాయించేవాడు పాడేవాళ్ల దారిలోకి పోకూడదు. గొంతు ఎటు తిరిగినా కింద అడుగు పట్టుకుని ఉండాలి. ఆ కట్టుబాటు తప్పుదామనుకున్నాను. లావణ్య పాడే వరుసనే లావు తీగల మీదికి దించి, నాలుగు రోజులు సాధన చేశాను. ఆదివారం ఆటోలో యాంప్ వేసుకుని సిరిసిల్ల వెళ్లాను.

పక్క సందులో సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. రాజేశం గడపలోనే కేకేసి అడిగాడు, "ఎవలు బిడ్డా? గీ డబ్బా ఏంది?" సాంచాల దగ్గర పనిచేసినవాళ్లకు మెల్లగా మాట్లాడే అలవాటు ఉండదు. లావణ్య ఆయన్ను యాంప్ ముందు పీట మీద కూర్చోబెట్టి, రెండు అరచేతులూ దాని చెక్కకు ఆనించింది. తను వెనక్కి వెళ్లి నిలబడింది.

"ముందట నిలవడితే పెదవులు సూసి మళ్ల మస్తుందంటడన్నా" అంది.

మొదలుపెట్టాం. మొదట ఆయన చక్కిలిగింత పెట్టినట్టు నవ్వాడు. పల్లవి రెండోసారి తిరిగేసరికి నవ్వు ఆగిపోయింది. తల వంచి, నుదురు చెక్కకు దగ్గరగా తెచ్చాడు. నాకు అమ్మ గుర్తొచ్చింది. ఆమె చేతులు కూడా ఇలా పెట్టించి ఉంటే అనిపించింది. రెండో చరణంలో నా వేళ్లు తడబడి ముందుకు పరుగెత్తాయి. లావణ్య గొంతు కూడా నా వెంటే వచ్చింది. ఎలాగో ముగించాం.

లావణ్య ముందుకు వచ్చి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన మస్తుందనలేదు.

"రెండో సరణంల ఉరికినవు బిడ్డా. మీ నానమ్మ గక్కడ ఆగుతుండె. కండె మారుస్తుండె గదా!"

లావణ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "తప్పు వట్టిండన్నా! మా బాపు నా పాటల తప్పు వట్టిండు!" అని ఏడుస్తూనే నవ్వింది.

ఉరికింది ఆమె కాదు, నేను. చెబుదామని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఇన్నేళ్లలో నా బేస్ విని తప్పు పట్టిన మొదటి మనిషి ఆయన. ఆ మాట నాకే చెందుతుందని చెప్పుకోవాలని ఎంత ఆశ కలిగిందో! కానీ ఆమెకు అది అంతకంటే ఎక్కువ అవసరం. "ఇంకోపారి" అన్నాడు రాజేశం. ఈసారి రెండో చరణం దగ్గర ఆగాను, కండె మారేంతసేపు.

మెచ్చుకోలు కోసం ఎదురుచూడటం ఆ రోజుతో మానేశాను. మెచ్చుకోవడానికి వినక్కర్లేదు, తప్పు పట్టాలంటేనే వినాలి. యాంప్ ఇప్పుడు మా ఇంట్లో, అమ్మ చాట పెట్టుకుని కూర్చున్న చోటనే ఉంటోంది. తీరికున్నప్పుడు దాని ముందు కూర్చుని వాయిస్తాను. ఎక్కడో ఒక దగ్గర వేలు తప్పుతూనే ఉంటుంది. పట్టేవాళ్లే లేరు.