మా వియ్యపురాలు ఒప్పుకున్న వైద్యం

మా వియ్యపురాలు పోయిన ఆదివారం ఉదయం కన్నుమూశారు. మా అల్లుడు ఫోను చేసి, "అత్తయ్యా, అమ్మ..." అని ఆగిపోయాడు. మిగతాది మా అమ్మాయి చెప్పింది. నేను తలుపు తాళం వేసుకుని వాళ్ళింటికి నడిచి వెళ్ళాను. ఇద్దరిదీ అనకాపల్లే, మధ్యలో ఉన్నవి రెండు వీధులే. పలకరించడానికి వచ్చినవాళ్ళలో నలుగురైదుగురు, "జపాను దాకా వెళ్ళి కరెంటు పెట్టించుకున్నారు, అయినా ఏం లాభం?" అన్నారు. ఆ మాటకు అక్కడ జవాబు చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

ఆవిడ కోటవురట్ల దగ్గర చెరకు రైతుల ఇంటి మనిషి. బడికి వెళ్ళింది తక్కువ. నేను ప్రతిదీ కొలిచి వాడే మనిషిని. ఆవిడ దోసిలితో తీసి ఇచ్చేవారు. మా ఇంటికి వస్తే వీధి గుమ్మంలోంచి ఎన్నడూ రాలేదు. పెరటి వైపు నుంచి వచ్చి, ఒడిలో తెచ్చిన ఆకుకూర వంటింటి గట్టు మీద కుమ్మరించి, నా డబ్బాల మూతలు తీసి చూసేవారు. "ఏటి వదినగారూ, మీ ఇంట్లో నవ్వు కూడా కొలిసే పోత్తారా?" అనేవారు. మనవలు ఆవిడ వైపే ఉండేవారు. నాకు కోపం వచ్చేది. ఆవిడ వెళ్ళాక ఇల్లు చప్పబడిపోయేది.

విశాఖపట్నంలో పరీక్షలు చేసి, క్లోమంలో గడ్డ ఉందనీ, అది పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుని ఉండడంవల్ల కోసి తీయలేమనీ చెప్పారు. మా అల్లుడు అందరి దగ్గరా మాట తీసుకున్నాడు: అమ్మకు తెలియకూడదు. కడుపులో పుండు అని చెప్పాలి. మన ఇళ్ళలో ఇది మామూలే. మీలో చాలామంది చేసే ఉంటారు.

అక్కడి డాక్టరుగారే ప్రోటాను కిరణాల సంగతి చెప్పారు. మనం కరెంటు అనే మామూలు కిరణం గడ్డను దాటి అవతలికి కూడా పోతుంది, దారిలో ఉన్న పేగులనూ కాలుస్తుంది. ప్రోటాను నిర్ణయించిన లోతుకు వెళ్ళి, తన బలంలో ఎక్కువ భాగం అక్కడే దించి ఆగిపోతుంది. క్లోమం చుట్టూ జీర్ణాశయం, పేగులు ఆనుకుని ఉంటాయి కనుక ఆ ఆగడమే ముఖ్యం. ఆ యంత్రం అప్పటికి మన దేశానికి రాలేదు. నయమవుతుందని ఆయన మాట ఇవ్వలేదు. కొంతకాలం గడ్డను అణచవచ్చు అన్నారు, అంతే.

మా అల్లుడు ఒక పొలం బేరం పెట్టి, రోజూ ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి జపానులోని ఒక ఆసుపత్రికి రాస్తూ వచ్చాడు. చివరికి జవాబు వచ్చింది. తీసుకుంటాం, కానీ రోగి తన జబ్బు ఏమిటో తెలుసుకుని తానే ఒప్పుకోవాలి అన్నారు.

"తెలిస్తే అమ్మ మంచం ఎక్కిపోద్దత్తయ్యా. ఆవిడ బదులు నేను సంతకం పెట్టేస్తాను," అన్నాడు.

"వైద్యం నీకు చేస్తారా?" అన్నాను.

మా అమ్మాయి తల వంచుకుంది. చెబితే ఆవిడ ధైర్యం పోవచ్చు. చెప్పకపోతే ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది. నేనే వెళ్ళాను. ఆవిడ పెరట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. పక్కన కూర్చుని జబ్బు పేరు, జపాను కిరణం, పొలం బేరం, అన్నీ చెప్పాను. చేతులు ఆగిపోయాయి.

"అయితే నా కడుపులోది నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట," అన్నారు. చేతిలోని కాయ చేటలో పడేసి, "నా కోడలు పెరట్లోకి పోయి ఏడుత్తంటే, మీ అమ్మాయికేటి కట్టమొచ్చిందోనని నేనే ఓదార్సేను కదండీ. నన్నెంత ఎర్రిదాన్ని సేసేరు!" అన్నారు.

ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే పెరటి వైపు నుంచి మా ఇంటికి వచ్చారు.

"ఆ కిరణం తగిల్తే మంటెత్తాదా?"

"తగిలినప్పుడు ఏమీ తెలియదట."

"ఎల్తానో ఎల్లనో ఎవురు సెప్పాలి?"

"మీరే."

"అయితే ఎల్తాను. పొలం నా పేరునుంది. ఆడు నన్నడక్కుండా బేరమెలా పెట్టేడో అదీ అడుగుతాను."

అడిగారు కూడా. ఆ గొంతు వీధి చివరికి వినిపించింది.

ఊపిరి పీల్చినప్పుడల్లా క్లోమం కదులుతుంది. అందుకని ఊపిరి వదిలిన క్షణంలోనే కిరణం పంపుతారట. కదలకుండా, ఒకే తీరుగా ఊపిరి తీయాలి. మా చెక్క బల్ల మీద ఆవిడను పడుకోబెట్టి, చేతులు తల పైకి పెట్టించి, రోజూ సాధన చేయించాను.

"కదలకండి వదినగారూ."

"ముక్కు దురదెడతంది. మీరు గోకండి."

"అక్కడ ఎవరు గోకుతారు? ఓర్చుకోండి."

"మనవల్ని ఒగ్గీసి నన్ను పట్టేరు పంతులమ్మగారు," అని నవ్వేవారు. నవ్వితే మళ్ళీ మొదటి నుంచి. ప్రయాణం నాటికి నవ్వును కూడా ఆపుకున్నారు. జపాను నుంచి తిరిగొచ్చాక, "ఆళ్ళు ఏటనేవోరో తెల్దు గానీ, నాకు మీ కేకే వినపడేది," అన్నారు.

ఇక లాభం సంగతి. గడ్డ చిన్నదైంది. అన్నం సయించింది. మిగిలిన పొలంలో రెండు చెరకు కోతలు గట్టు మీద నిలబడి చేయించారు. మా చిన్న మనవరాలికి అన్నప్రాశన ఆవిడ చేతులతోనే అయింది. ఇది తక్కువంటే నేను ఒప్పుకోను.

ఈ వేసవిలో మళ్ళీ నొప్పి మొదలైంది. ఆసుపత్రికి మా అల్లుడితో పాటు నేనూ మా అమ్మాయీ కూడా వెళ్ళాం. విశాఖపట్నంలో డాక్టరుగారు ఫిల్ము చూసి లేచి, మా అల్లుడికి పక్క గదిలోకి రమ్మని సైగ చేశారు.

"బాబూ," అన్నారు ఆవిడ. "ఆడు నా కొడుకే. రోగం మాత్రం నాది. ఇక్కడే సెప్పండి."

డాక్టరుగారు వెనక్కి వచ్చి, ఆవిడకు ఎదురుగా కూర్చున్నారు. కాలేయంలో చాలా చోట్ల కనిపిస్తోందనీ, ప్రోటాను ఒక చోటికి గురి పెట్టేది కనుక ఇప్పుడు పనికిరాదనీ ఆవిడకే చెప్పారు.

"నొప్పి తెలీకుండా సూత్తారా?"

"చూస్తాం అమ్మా."

"అయితే ఇంటికెల్తాం."

బయట వరండాలో మా అల్లుడు గోడకు తిరిగి ఏడ్చాడు. అంతమంది చూస్తుండగా ఆవిడ అతని గడ్డం పట్టుకుని ఇటు తిప్పి, కొంగుతో ముఖమంతా గట్టిగా తుడిచారు. తరవాత కొంగు నడుముకు దోపుకుని, మాకోసం ఆగకుండా, ఆ ఎండలో ఆసుపత్రి గేటు వైపు నడిచారు. మేం ముగ్గురం వెనక పరుగులాంటి నడక నడిచాం.