శుక్రవారం గోళ్ళు తీయకూడదు

మా ఇంట్లో సోఫా మీద ఎవరూ కూర్చోరు. అమెరికాలో, ఈ బెంటన్‌విల్‌లో ఇల్లు కొనుక్కున్న ఏడాది, చుట్టుపక్కల షోరూములన్నీ ఐదు వారాంతాలు తిరిగి, మీగడ రంగు లెదర్ సోఫా ఒకటి తెచ్చుకున్నాం. దాని మీద ప్లాస్టిక్ కవరు ఆ రోజు ఎలా వచ్చిందో అలాగే ఉంచాను. కూర్చుంటే చరచరమంటుంది, ఎండాకాలం ఒంటికి అతుక్కుంటుంది. అందుకని మా ఆయన కింద కార్పెట్ మీద కూర్చుని, వీపు సోఫాకి ఆనించి టీవీ చూస్తారు. వచ్చిన చుట్టాలూ, స్నేహితులూ అంతే. ఇంత సుఖంగా సాగుతున్న సంసారంలోకి పిల్లి వచ్చింది.

తెచ్చింది మా అమ్మాయి. ఇక్కడే పుట్టింది, టెన్త్ గ్రేడ్ చదువుతోంది. దిక్కులేని జంతువులని ఉంచే చోటికి స్కూలు తరఫున పనిచేయడానికి వెళ్ళి, ఓ రోజు బూడిదరంగు పిల్లిని చంకనేసుకుని వచ్చింది. "అమ్మా, ఇది మన పిల్లి" అంది. అడగడం కాదు, చెప్పడం. దానికి పెట్టిన ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరగదు. నేను "ఏయ్" అంటాను, అది పలుకుతుంది. మాకెవరికీ ఇన్నాళ్ళూ తెలియని సంగతి ఆ పిల్లికి మొదటి వారంలోనే తెలిసిపోయింది. సోఫా ఉన్నది కూర్చోవడానికని. ఎక్కి కూర్చుంది, ఒళ్ళు విరుచుకుంది, హాయిగా గోళ్ళు దించింది. ఆ చప్పుడుకి నేను గరిటెతో సహా పరిగెత్తుకొచ్చేసరికి ప్లాస్టిక్ చిరిగి, కింద తోలు మీద నాలుగు గీతలు కనబడ్డాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మాయి తాడు చుట్టిన స్తంభం ఒకటి కొనుక్కొచ్చింది, పిల్లులు గీక్కోవడానికట. పిల్లి దాన్ని ఒకసారి వాసన చూసి, మర్యాదగా పక్కకి తప్పుకుని, మళ్ళీ సోఫా దగ్గరికే వెళ్ళింది. "దానికి టైమ్ ఇవ్వు అమ్మా" అంది మా అమ్మాయి. అబ్బో, నాకు మార్కులు తగ్గితే మా నాన్న ఇవ్వని టైమ్ ఈ పిల్లికి నేనివ్వాలి!

రెండు వీధుల అవతల నా స్నేహితురాలు ఒకావిడ ఉంది. వాళ్ళింట్లోనూ పిల్లి ఉంది, తెల్ల సోఫా ఉంది, సోఫాకి ఒక్క గీత లేదు. రహస్యం ఏమిటని అడిగాను.

"డీక్లా చేయించాం వదినా. గోళ్ళు మొత్తం తీసేస్తారు, మళ్ళీ రావు. ఇప్పుడు చూడు, బంగారం. ఎక్కడ పెడితే అక్కడే పడుంటుంది."

నిజమే. వెళ్ళినప్పుడల్లా ఆ పిల్లి కిటికీ పక్కన ఒకే చోట, కాళ్ళు కిందకి ముడుచుకుని కూర్చుని ఉండేది. ఎంత బుద్ధిమంతురాలో అనుకునేదాన్ని. మా దానికీ అలాంటి బుద్ధి రావాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఇక్కడొక చిక్కు ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మాయి పిల్లుల గోళ్ళ ఉద్యమంలో దిగింది. కొన్ని రాష్ట్రాల్లో, కొన్ని నగరాల్లో ఈ డీక్లా చేయకూడదని చట్టం ఉందట. మా దగ్గర లేదు. కాబట్టి సిటీ కౌన్సిల్‌కి పిటిషన్ పెడతామని తనూ, తన ఫ్రెండ్సూ కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు. అది ఎందుకు తప్పో నాకు రెండుసార్లు చెప్పింది. కొత్త యాప్ వేసుకునేటప్పుడు అడిగే షరతులు అందరూ ఎలా చదువుతారో అలా విన్నాను.

నెలకోసారి నాలుగైదు తెలుగు కుటుంబాలం తలా ఒక వంటా చేసుకుని ఒకరింట్లో కలుస్తాం. ఆ నెల మా ఇంట్లో. పులిహోర ఇంకా గిన్నెలోంచి తీయలేదు, అమ్మాయి అట్ట పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"హాయ్ అంకుల్, హాయ్ ఆంటీ. ఇది క్యాట్స్‌ని డీక్లా చెయ్యడం బ్యాన్ చెయ్యాలని పిటిషన్. ప్లీజ్, చదివి సైన్ చెయ్యండి."

నేను వెనకాల నిలబడి అందరికీ కళ్ళతోనే సంగతి చెప్పాను. సరిపోదేమోనని నోటితో కూడా చెప్పాను. "కాలేజ్ అప్లికేషన్‌కి పనికొస్తుందండీ." అంతే, పెన్ను చేతులు మారింది. మొదటి సంతకం నాది. ఒకాయన చదవకుండా సంతకం పెట్టి, "పెన్ను బాగుందమ్మా" అన్నాడు. ఇంకొకావిడ తన ఇద్దరు పిల్లల పేర్లు కూడా రాయబోతే మా అమ్మాయి ఆపింది. అందరూ పెట్టాక, పళ్ళాల్లో వడ్డించుకుని, కార్పెట్ మీద చతికిలబడి, అప్పుడు ఆ బ్యాన్ మంచిదా చెడ్డదా అని చర్చ మొదలుపెట్టారు.

"గిట్ల ఒక్కొక్కటి బ్యాన్ చేస్కుంట పోతే ఎట్ల? ఇయ్యాల పిల్లి గోళ్ళంటరు, రేపు సోఫా మీద ప్లాస్టిక్ తియ్యమంటరు" అన్నాడు కరీంనగర్ నుంచి వచ్చినాయన. మా ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

"పిల్లలకి చెవులు కుట్టించట్లేదా? ఇదీ అంతే" అంది నా స్నేహితురాలు.

"అహింసా పరమో ధర్మః అన్నారండీ, ఏ ప్రాణినైనా..." అని అందుకున్నాడు గుంటూరాయన, లెదర్ సోఫాకి వీపు రుద్దుకుంటూ.

ఇంకొకాయనకి అప్పుడు అనుమానం వచ్చింది. "వీసా మీద ఉన్నవాళ్ళం పిటిషన్ల మీద సైన్ చేస్తే ప్రాబ్లమ్ అవదా?" ఆయన మెల్లిగా లేచి వెళ్ళి, తన సంతకం మీద ఇంకో నాలుగు గీతలు గీసి, ఎవరికీ అర్థం కాకుండా చేసి వచ్చి పెరుగన్నం కలుపుకున్నాడు.

చివరికి మా ఆయన తేల్చేశారు. "తప్పైతే గవర్నమెంట్ ఊరుకుంటుందా? లైసెన్స్ ఉన్న డాక్టర్ చేస్తున్నాడంటే అది రైటేనండీ. లా ఏమీ లేదంటే తప్పు లేదన్నట్టే."

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. సోమవారం పొద్దున్నే, అమ్మాయి స్కూలుకి వెళ్ళగానే, పశువైద్యుడి ఆఫీసుకి ఫోన్ చేసి మా పిల్లికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. చట్టం వస్తే రానీ, వచ్చేలోపల మాది అయిపోవాలి కదా! శుక్రవారం పదింటికి రమ్మన్నారు.

గురువారం నాడు, దేవుడి దగ్గర పువ్వులు మారుస్తుంటే గుర్తొచ్చింది. శుక్రవారం! శుక్రవారం గోళ్ళు తీయకూడదు. మంగళవారం కూడా తీయకూడదు. మా నాయనమ్మ ఇంట్లో శుక్రవారం నాడు గోళ్ళ కత్తెర ముట్టుకుంటే లక్ష్మీదేవి అటునుంచి అటే వెళ్ళిపోయేది. ఈ దేశం వచ్చి పద్దెనిమిదేళ్ళయింది, ఒక్క శుక్రవారం కూడా నేను గోరు తీసుకోలేదు. పిల్లి అయితే మాత్రం, మా ఇంట్లో పిల్లే కదా. వెంటనే ఫోన్ చేశాను.

అవతల ఒక అమ్మాయి ఎత్తింది. రోజు మార్చమన్నాను. ఏమైనా ఇబ్బందా అని అడిగింది. నాకు ఫోన్లో ఇంగ్లీషు ఇంకాస్త తడబడుతుంది. మా కల్చర్‌లో శుక్రవారం గోళ్ళు కత్తిరించం అని చెప్పాను.



ఆ అమ్మాయి చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. మేడమ్, ఇది గోళ్ళు కత్తిరించడం కాదు. గోరు పుట్టేది వేలి చివర ఎముకలోంచి. ఆ ఎముకని, ఆ కణుపు దగ్గర కోసి తీసేస్తారు. ముందు కాళ్ళకి పది వేళ్ళు, పదింటికీ. ఈ సంగతి మీకు తెలుసు కదా, అని అడిగింది.

"తెలుసు" అన్నాను. అబద్ధం. తెలియదని చెప్పడానికి నామోషీ వేసింది.

"మరి మండే మీకు పర్వాలేదా?"

"మండే పర్వాలేదు" అన్నాను.

ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడిపోయాను. క్యాన్సిల్ చేయొచ్చు. ఒక్క మాట చాలు. కానీ హాల్లోంచి మళ్ళీ ఆ చరచర వినిపించింది, వెళ్ళి చూస్తే ఈసారి ఎడమవైపు. లైసెన్స్ ఉన్న డాక్టర్, మత్తు ఇస్తాడు, దానికేం తెలుస్తుంది, నా స్నేహితురాలి పిల్లి బతికే ఉంది కదా, ఇలా ఎన్ని చెప్పుకున్నానో. తప్పైతే గవర్నమెంట్ ఊరుకుంటుందా? గోళ్ళకి శుక్రవారం పనికిరాదని నాయనమ్మ చెప్పింది. ఎముకకి ఏ వారం పనికిరాదో ఎవరూ చెప్పలేదు, కాబట్టి సోమవారం సరే అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుతో తల దించుకోవాలనిపిస్తోంది గానీ, ఆ రోజు నిజంగా ఇలాగే అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం దీపం పెట్టి, పద్ధతిగా లక్ష్మీ అష్టోత్తరం చదువుకున్నాను. పిల్లి వచ్చి నా పక్కన కూర్చుంది. ఎప్పుడూ లేనిది నా మోకాలి మీద చెయ్యి వేసింది. చెయ్యే అంటాను, కాలు అనాలనిపించడం లేదు. గోళ్ళు లోపలికి పెట్టుకునే వేసింది. నేను మధ్యలో రెండు నామాలు మర్చిపోయి మళ్ళీ మొదటినుంచి చదివాను.

సోమవారం అమ్మాయి స్కూలు బస్సు వెళ్ళిన చప్పుడు విని, పిల్లిని బుట్టలో పెట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళాను. కారు ముందు సీట్లో మా అమ్మాయి కూర్చుని ఉంది, బెల్టు పెట్టుకుని.

"స్కూలుకి వెళ్ళలేదేంటే?"

"నేను కూడా వస్తా."

"ఎక్కడికి?"

"వెట్ దగ్గరికి. వాళ్ళ యాప్‌లో నా నంబరే కదా అమ్మా ఉంది. నువ్వే పెట్టమన్నావ్."

నేనే పెట్టమన్నాను. బ్యాంకు దగ్గర్నుంచి పళ్ళ డాక్టరు దాకా ఇంట్లో అన్నిటికీ దాని నంబరే ఇస్తాను. యాప్‌లు నాకు రావు. బుట్ట వెనక సీట్లో పెట్టాను.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"లాస్ట్ మండేనే మెసేజ్ వచ్చింది. నువ్వే క్యాన్సిల్ చేస్తావు అనుకున్నా. థర్స్‌డే ఇంకో మెసేజ్ వచ్చింది, హ్యాపీగా ఓపెన్ చేశా. చూస్తే డేట్ మార్చావ్."

అరిచి ఉంటే బాగుండేది. నాకు అరుపులు వచ్చు, దానికి దీటుగా అరవగలను. అది అరవలేదు. వారం రోజులు నాతోపాటు అన్నం తిని, "గుడ్‌నైట్ అమ్మా" అని చెప్పి, నేను బాగుపడతానని కాచుకుని కూర్చుంది. నేను కారు తీశాను.

అక్కడ కౌంటర్లో ఉన్న అమ్మాయి నా గొంతు గుర్తుపట్టినట్టుంది. ఒక ఫారం ఇచ్చి చదివి సంతకం పెట్టమంది. ఏ ఫారం వచ్చినా మా అమ్మాయి చేతికివ్వడం నాకు అలవాటు. ఆ అలవాటు కొద్దీ అప్పుడు కూడా తిన్నగా దాని చేతికే ఇచ్చాను. ఇచ్చాక గానీ ఏం చేశానో తెలియలేదు.

అది చదివింది. ఎప్పటిలాగే నాకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది, తన అమెరికా యాసతో, వచ్చీరాని మాటలతో. చెప్పలేక ఆగిపోయి, నా కుడిచెయ్యి తీసుకుంది. చూపుడువేలి చివరి కణుపు దగ్గర తన గోరుతో నొక్కింది.

"ఇక్కడ నుంచి కట్ చేస్తారు. ఇది ఒకటి." తర్వాత మధ్యవేలు. "ఇది టూ." తర్వాత ఉంగరం వేలు. అలా ఒక్కో వేలికీ నొక్కుకుంటూ పోయింది. ఐదు అయ్యాక రెండో చెయ్యి కూడా ఇమ్మంది.

"చాల్లే" అన్నాను.

"నువ్వు అన్నం కలిపేది ఈ పార్ట్‌తోనే కదా అమ్మా. చిన్నప్పుడు నాకు ముద్ద పెట్టింది కూడా ఈ పార్ట్‌తోనే."

ఆ ఫారం మీద నేను సంతకం పెట్టలేదు. కౌంటర్లో అమ్మాయికి వెనక్కిచ్చేసి, సారీ చెప్పి, బుట్ట పట్టుకుని బయటికి వచ్చేశాను. పార్కింగ్‌లో ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. మా అమ్మాయి టిష్యూ ఇచ్చి, నా వంక చూడకుండా బుట్టకి బెల్టు పెట్టింది.

సగం దారి వచ్చాక అడిగింది. "నేను రాకపోతే సైన్ చేసేదానివా?"

అబద్ధం చెప్పొచ్చు. ఫోన్లో ఆ అమ్మాయికి చెప్పినంత తేలిగ్గా చెప్పొచ్చు. కానీ ఆ పది వేళ్ళూ స్టీరింగ్ మీద నా కళ్ళెదురుగానే ఉన్నాయి.

"చేసేదాన్ని" అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. తల ఊపింది, తనకి ముందే తెలిసినట్టు.

"అందుకే అమ్మా, లా ఉండాలి. బ్యాడ్ పీపుల్ కోసం కాదు. నీ కోసం."

వెనక సీట్లో పిల్లి దారంతా అరుస్తూనే ఉంది.