మాస్టరుగారికి తిప్పి ఇచ్చిన కాగితాలు

మా మనవరాలికి హార్మోనియం నేర్పిన మాస్టరుగారు పోయిన మంగళవారం కోడుమూరులో కన్నుమూశారు. ఇక్కడ కర్నూల్లో కూరగాయల అంగడి దగ్గర ఆయన పాత శిష్యురాలొకామె చెప్పింది. కూరగాయలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను.

నేను ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఏ పాఠం ఏ రోజు మొదలై ఏ రోజు ముగిసిందో రాసుకోకపోతే నాకు తోచదు. మనవరాలికి తొమ్మిదేళ్ళప్పుడు హార్మోనియం కొని, స్వరాల పుస్తకం తెచ్చి, పాఠాల పట్టిక గీసి గోడకు అంటించాను. ఒకటో పాఠం తప్పు లేకుండా వస్తేనే రెండోది.

మాస్టరుగారు పల్లెల్లో పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. పగలంతా చేలో పనిచేసి వచ్చే రైతులకు పద్యాలు నేర్పేవారు. చదువు రానివాళ్ళకు, గొంతు లేవనివాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో దారి వెతకడం ఆయనకు అలవాటు. మా ఇంటికి వచ్చేటప్పుడు చొక్కా జేబులో మడిచిన కాగితాలుండేవి. ఒకదాంట్లో కోలాటం పాట, ఒకదాంట్లో పీర్ల పండుగ పాట, ఇంకొకదాంట్లో ఐస్‌క్రీం బండి పాట. అన్నిటికీ స్వరాలు తనే రాసేవారు. వాటిని చాప మీద పరిచి, "ఈ పొద్దు ఏది తింటావు పాపా?" అని అడిగేవారు.

"ఐదో పాఠం ఎంతవరకు వచ్చింది మాస్టరుగారూ?" అన్నాను ఒకసారి.

"వస్తాండాదమ్మా. కోలాటం పాటలో అవే స్వరాలుండాయి. బిడ్డకు తెలీకుండానే పడతాండాయి."

"తెలీకుండా వచ్చేది చదువెట్లవుతుంది?"

"మా నాటకాల్లో రాజుకు ఓనమాలు రావమ్మా. పద్యం మాత్రం తప్పడు."

మనవరాలు కిసుక్కుమంది. నాకు ఒళ్ళు మండింది.

కొన్నాళ్ళకు ఆ కాగితాల్లో నా జోలపాట కనిపించింది. మనవరాలిని నిద్రపుచ్చడానికి నేను పాడినదే. పిల్ల పాడి వినిపిస్తే ఆయన రాసుకున్నారట. మా ఇంటి జోలపాట ఊళ్ళో పిల్లలకు పాఠమా అనిపించింది. మరుసటి రోజు పక్కింటివాళ్ళు తమ పిల్లలను చేర్చే మాట మాట్లాడడానికి వచ్చి కూర్చున్నారు. వాళ్ళ ముందే కాగితాలన్నీ కట్టగట్టి ఆయన చేతిలో పెట్టాను. "ఇది నాటకాల కొట్టం కాదు. పుస్తకం ఉంది, పట్టిక ఉంది. అంతకు మించి వద్దు," అన్నాను. పక్కింటివాళ్ళు తలొంచుకున్నారు. తమ పిల్లలను ఆయన దగ్గర చేర్చలేదు.

"అట్లనే కానీండమ్మా," అన్నారు మాస్టరుగారు.

ఆ తర్వాత ఐదు నెలలు పుస్తకం దాటలేదు. జేబు ఖాళీగా ఉండేది. పట్టికలో చివరి టిక్కు పెట్టిన రోజు మనవరాలు, "అయిపోయింది కదా జేజీ, ఇంక వద్దు," అంది. నాలుగేళ్ళుగా ఆ పెట్టె మూత తెరవలేదు.

నా తప్పు నాకు తెలియడానికి ఏడాది కూడా పట్టలేదు. కోడుమూరుకు బస్సెక్కి పోయి ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. టీచర్ని, వయసులో పెద్దదాన్ని, నేనెందుకు పోవాలి అని కూర్చున్నాను. పిల్లలకు వాయిద్యం నేర్పించే పెద్దలు ఎవరైనా ఇది చదువుతుంటే, మాస్టరు జేబులోని కాగితాలు చూసి నాలా తొందరపడకండి.

మొన్న పరామర్శకు పోయాను. ఆయన భార్య చాప వేసింది.

"కర్నూలు టీచరమ్మ కదా మీరు. మీ పాపను శానా తలుచుకుంటాండె."

"నా మీద కోపం ఉండేదా అమ్మా?"

"కోపం యాడిది? ఆయమ్మ పాట రాసుకునే ముందు అడగాల్సింది, తప్పు నాదే అంటాండె."

ఆ మాట చెప్పుకోవడానికి పోయినదాన్ని నేను. మంచినీళ్ళు తాగి లేచాను.

ఇంటికి వచ్చేసరికి మనవరాలు హార్మోనియం ముందు కూర్చుని ఉంది. తిత్తి కదపకుండా మెట్లు మాత్రం నొక్కుతోంది. గాలి లేదు కనుక స్వరం లేదు, చెక్క చప్పుడే వినిపిస్తోంది. వేళ్ళు ఎక్కడా తడబడటం లేదు. ఏ పాటో నాకు తెలియలేదు. గడప దగ్గర నన్ను చూసి, రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంది.