మేనత్త భుజం మీద మందు పట్టీ

మొన్న నా నడుము పట్టేస్తే, మా కోడలు పెనం మీద ఉప్పు మూట వేడి చేసి తెచ్చింది. నేను ఉలిక్కిపడి దూరం జరిగాను. కాపడం మూటను చూసి బెదిరే మనిషి ఆర్మూరు మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. పసుపు పండే ఊరు మాది. బెణుకైనా, ఒళ్ళు నొప్పైనా ముందు పసుపూ ఉప్పూ మూట కట్టి కాపడం పెట్టాల్సిందే, డాక్టరు సంగతి తర్వాత. కోడలు తెల్లబోయి చూస్తుంటే, మా మేనత్త ఆఖరి రోజుల సంగతి చెప్పక తప్పలేదు.

మేనత్తకు క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. ఇక చేసేదేమీ లేదని పెద్ద దవాఖాన వాళ్ళు ఇంటికి పంపేశారు. పిల్లలు లేని మనిషి, మా ఇంట్లోనే ఉండేది. నొప్పి తెలియకుండా చూసేందుకు ఒక నర్సు వారానికి రెండుసార్లు వచ్చి, భుజం వెనక మందు పట్టీ అంటించేది. అందులోని మందు చర్మం గుండా కొంచెం కొంచెంగా ఒంట్లోకి దిగుతుంది. "అక్కా, పట్టీకి వేడి తగలనియ్యకుండ్రి. మందు ఒక్కసారే దిగితే పాణం మీదికొస్తది" అని నాకు చెప్పింది. నేను అమ్మతో వేడినీళ్ళ స్నానం వద్దని మాత్రం అన్నాను. బడిలో నలభై మందికి పాఠం చెప్పే పంతులమ్మను, ఇంట్లో ఒక్క మనిషికి సగం మాటే చెప్పాను.

ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ మంచం పక్కన సంబరంగా కూర్చుని ఉంది. "మీ అత్తమ్మ గింత సుఖంగ పండుకోక ఎన్ని దినాలాయె! పొద్దటి సంది కాపుతున్న" అంది. ఆ వదినా మరదళ్ళు కూరలో ఉప్పు గురించి ముప్పై ఏళ్ళు తగువులాడుకున్నవాళ్ళే, కానీ వదిన మూలిగితే అమ్మకు ముద్ద దిగేది కాదు. దుప్పటి తీసి చూశాను. పసుపు మూట సరిగ్గా పట్టీ మీదే ఉంది, ఇంకా వేడిగా. అత్తమ్మా అని పిలిస్తే పలకలేదు. ఒక ఊపిరి తీసి, రెండోది తీయడానికి మరీ ఆలస్యం చేస్తోంది.

నర్సుకు ఫోన్ చేశాను. "మూట తీసెయ్యుండ్రి. గుడ్డతోని పట్టుకొని పట్టీ పీకుండ్రి, చల్లనీళ్ళతోని తుడువుండ్రి. పిలుస్తనే ఉండుండ్రి, ఊపిరి లెక్కవెట్టుండ్రి. నందిపేటల ఉన్న, వస్తున్న" అంది.

చెప్పినట్టే పట్టీ పీకి, తుడిచి, గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి ఏడు. మళ్ళీ లెక్కపెడితే ఆరు. జరిగిందేమిటో అమ్మకు అప్పుడు అర్థమైంది. "నా చేతులతోనే సంపుకుంటినా వదినె! జర కండ్లు తెరువు" అని అరికాళ్ళు రుద్దుతూ ఏడ్చింది. తప్పు నీది కాదమ్మా, నాది అని చెప్పాలని ఉంది. నోరు తెరిస్తే లెక్క తప్పుతుందని భయం.

నర్సు వచ్చి పట్టీ మందుకు విరుగుడు సూది కొద్దికొద్దిగా ఎక్కించింది. చాలాసేపటికి అత్తమ్మ రెప్పలు కదిలాయి. "ఏందే నీ ఒర్రుడు? సచ్చినంక ఏడ్వరాదు?" అని గొణిగింది. అమ్మ ఏడుస్తూనే నవ్వింది. నర్సు సాయంత్రం దాకా మంచం పక్కనుంచి కదలలేదు. ఆమె ఎదుటే నా తప్పు అమ్మతో ఒప్పుకున్నాను.

తర్వాత ఒక చుట్టం "ఎట్లైన పోయే పాణమే గద" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పోయే ప్రాణమైతే మాత్రం మా చేతుల మీదుగానే పోవాలా? మేనత్త మరో పదకొండు రోజులుండి, తన రోగంతోనే, నొప్పి లేకుండా, అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. పదకొండు రోజులంటే పెద్ద ఆయుష్షేమీ కాదు, కానీ మా అమ్మ మిగిలిన ఏళ్ళన్నీ తలెత్తుకుని బతకడానికి అవే సరిపోయాయి.