హనియా చేతి తొడుగు

సెఫ్రూ ఊరి స్నానశాలలో ఒళ్లు రుద్దే హనియా చేతికి గరుకు తొడుగు వేసుకుని కూర్చుంటే, ఎంతటి ఆడదైనా కొత్త చర్మంతో బయటికి రావలసిందే. ఒకసారి మచ్చల ఆవును రుద్దితే మచ్చలన్నీ ఊడిపోయాయట. యజమాని గుర్తుపట్టలేక సంతలో తన ఆవునే మళ్లీ బేరమాడాడట. ఈ కథను ఊరంతా చాటింది మరెవరో కాదు, హనియాయే.

అంతటి హనియా కడుపున ఇత్తో అనే కూతురు పుట్టింది. కాస్త రుద్దితే చాలు, పిల్లకు ఒళ్లంతా బొబ్బలు. లోపల మురికి దాగుందని హనియా ఐదేళ్లపాటు ఇంకా గట్టిగా రుద్దింది. బొబ్బలు పుండ్లయ్యాక ఫెజ్ పట్నంలో డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది.

"మురికీ కాదు, అంటురోగమూ కాదు. చర్మం పొరల్ని పట్టి ఉంచే బలం పుట్టుకతోనే లేదు. నయం చేసే మందు లేదు, కాపాడుకోవడమే. మళ్లీ రుద్దావంటే నీ చేత్తో నువ్వే ఒలిచినట్టు."

ఇత్తో పెద్దదై తన ఒంటిని తానే చదువుకుంది. కుట్లు గుచ్చుకోకుండా బట్టలు తిరగేసి తొడుక్కునేది. బొబ్బ లేస్తే ముందు చేతులు కడుక్కుని, శుభ్రమైన సూదితో నీరు తీసి, పైపొర ఊడనీయకుండా వాజిలీను పూసిన గుడ్డ కప్పేది.

పందొమ్మిదో ఏట పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు అస్సూకు అంతా తెలుసు. అతని తల్లి తామూకు తెలియదు. పెళ్లికి ముందు పెళ్లికూతుర్ని స్నానశాలలో అత్తవారి ఆడవాళ్ల ముందు రుద్ది చూపించడం ఆనవాయితీ.

"నీళ్లు మాత్రమే పోస్తాను బంగారూ," అని హనియా ఒట్టేసింది.

నీళ్లే పోసింది కూడా. రాతి అరుగు మీద కూర్చున్న తామూ మూతి తిప్పింది.

"ఏం వదినా, ఊరి మురికంతా ఒలిచే చేతికి ఇంటి మురికి ఆనడం లేదా?"

"ఆవు కథతోనే తొడుగు అరిగిపోయిందేమోలే!" అంది ఇంకొకామె. అందరూ పడిపడి నవ్వారు.

హనియా తొడుగు తొడుక్కుంది.

"అమ్మా, వద్దే," అంది ఇత్తో గొంతు తగ్గించి.

"ఒక్కసారేనే. మెల్లగా. వీళ్ల నోళ్లు మూతపడాలి."

ముప్పై ఏళ్లుగా రుద్దుతున్న చేయి. దానికి మెల్లగా అంటే ఏమిటో తెలియదు. భుజం నుంచి నడుము దాకా తడి కాగితంలా చర్మం తొడుగుకు చుట్టుకుని వచ్చింది.

తామూ లేచి వెళ్లిపోవడానికి తన బకెట్ అందుకుంది. "కుష్ఠుదాన్ని నా కొడుక్కి అంటగడదామనుకున్నావా? పదండే!"

క్షణాల్లో గది ఖాళీ అయింది. హనియా కూతురి మీదికి చేయి చాచింది.

"ముట్టుకోకు," అంది ఇత్తో పళ్లు బిగించి. "వాజిలీను నా సంచిలో ఉంది. ముందు చేతులు కడుక్కో."