గోడ మీది నా నుదురు

మా మనవరాలికి గోడల పిచ్చి. పోర్ట్ బ్లెయిర్‌లో ఏ గోడ మీద ఎవరు కొత్త బొమ్మ వేసినా అది దాని ఫోన్‌లో పడాల్సిందే. ఆదివారం వస్తే ప్రోతరాపూర్‌లో బస్సెక్కి ఊరంతా తిరిగేది. వయసొచ్చిన పిల్లని ఒక్కదాన్ని పంపడం ఇష్టం లేక నేనూ వెంట వెళ్ళేదాన్ని. నేను మూడో తరగతితో బడి మానేసిన మనిషిని. మొదట్లో ఏ గోడ చూసినా బొమ్మ కనిపించేది కాదు, రంగు ఖర్చే కనిపించేది. మా ఇంటి ముందు గోడకి సున్నం వేసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. ఇక్కడ ఎవరిదో తెలియని ప్రహరీ గోడకి పెళ్ళికూతురిలా అన్ని హంగులా అని ఒళ్ళు మండేది.

బ్రూక్షాబాద్ దారిలో ఒక గోడ మీద వంజరం చేప వేశారు. పడవంత చేప. "కన్ను సూడే, ఆవు కన్నులాగుంది. ఏసినోడు సేపని సంతలో సూసినాడు గానీ నీళ్ళలో సూడలేదు" అన్నాను. కానీ ఆ వీపు మీది నీలం మాత్రం నన్ను పట్టుకుంది. చేప గాలం మీద పైకొచ్చాక కాసేపే ఉండే నీలం అది, తర్వాత బూడిద రంగుకు తిరిగిపోతుంది. దాన్ని అలా గోడ మీద నిలబెట్టినవాడెవడో అనుకుంటూ చాలాసేపు చూశాను. తరువాత మళ్ళీ ఆ దారినే వెళితే చేప లేదు. ఆ చోట చెత్త బుట్టలో వెయ్యమని హిందీలో రాసి, నవ్వుతున్న చెత్త డబ్బా బొమ్మ వేసి ఉంది.

పిల్లని ఆపాను. "సేపేదే?"

"పోయింది మామ్మా. ఈ బొమ్మలు ఉండవు, బదల్ జాతా హై. అందుకే కదా నేను ఫోటో తీస్తాను."

"మరి ఏసినోడు ఏడవడేటి?"

"వాడే చెరిపేసుంటాడు."

తన చేత్తో వేసింది తనే చెరుపుకునే మనుషులుంటారని ఆ రోజు వరకు నాకు తెలియదు. అప్పటినుంచి గోడలని చెరిగిపోకముందే పట్టి పట్టి చూడడం మొదలుపెట్టాను. బస్సు నీడ పోయేదాకా ఆగమనీ, వాన వెలిసిన వెంటనే తీస్తే రంగు బాగా పలుకుతుందనీ పిల్లకి చెప్పేదాకా వెళ్ళింది నా పిచ్చి కూడా.

ఇక అసలు సంగతి. మా ఆయనా, ఆయన తమ్ముడూ డింగీ పడవ వేసుకుని ఉత్తరం వైపు చేపల వేటకి వెళ్ళారు. వస్తామన్న రోజు దాటింది. మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే అందుబాటులో లేరనే గొంతు తప్ప ఇంకేమీ లేదు. సముద్రం మీద గాలి కూడా బాగాలేదు. ఈ వయసులో వేటేమిటని అంటే వినే మనిషి కాడు. ఇంట్లో కూర్చోలేక, మనవరాలిని తీసుకుని ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళాను. అవతలి దీవులనుంచి వచ్చే బోట్లలో పనిచేసేవాళ్ళు దారిలో డింగీలని చూస్తారు, అడిగితే ఏదో ఒకటి తెలుస్తుందని.

జెట్టీకి దిగే రోడ్డు పక్క పెద్ద గోడ ఉంది. దాని ముందు కర్రల పరంజా కట్టి, ఒక కుర్రాడు కింది భాగంలో చేపల గంప వేస్తున్నాడు. గంప వెనక ఒక ముసలమ్మ ముఖం, గోడ ఎత్తంతా. ముడతలు, చెంప మీద పుట్టుమచ్చ, ముక్కుకి రెండు పక్కలా పుడకలు. ఎవరో మనవాళ్ళ మనిషే అనుకున్నాను. రెండడుగులు వేశాక కాళ్ళు ఆగిపోయాయి. ఆ పుట్టుమచ్చ నాది. ఆ ముసలమ్మ నేను.

నేను అనుకోవడం కాదు, పక్కన బస్తా దించుకుంటున్న కూలీ కూడా గోడనీ నన్నూ మార్చి మార్చి చూసి, "అరే దీదీ, ఆప్ తో హీరోయిన్ బన్ గయీ!" అన్నాడు. నలుగురు నవ్వారు. మనవరాలు నవ్వుతూ నా చెయ్యి ఊపింది. "సర్‌ప్రైజ్ మామ్మా! ఈ భయ్యాకి దీవుల మనిషి ముఖం కావాలంటే నీ ఫోటో నేనే ఇచ్చాను."

దాన్ని అక్కడే నాలుగు తిట్టేదాన్నే. కానీ అప్పుడే నా కళ్ళు నుదుటి దగ్గరికి వెళ్ళాయి. నుదురు బోసిగా ఉంది. బొట్టు లేదు. గంప పట్టుకున్న చేతులు చూశాను. గాజులు లేవు.

మాది వేటకెళ్ళే కులం. మగవాళ్ళు సముద్రం మీద ఉన్నంతసేపూ మా ఆడవాళ్ళం నుదుటి బొట్టు చెరగనివ్వం. నీళ్ళు పోసుకున్నా ముందు బొట్టు పెట్టుకునే గది దాటుతాం. మా అత్త నాకు నేర్పిన మొదటి సంగతి అదే. పెళ్ళయిన ఆడది బోసి నుదుటితో, బోసి చేతులతో ఉండడమంటే ఒక్కటే అర్థం. మా ఆయన జాడ తెలియని ఈ రోజున, బోట్లన్నీ వచ్చిపోయే చోట, ఊరందరికీ కనిపించేలా నన్ను విధవని చేసి నిలబెట్టారు.

"బిందీ కహా హై?" అని అరిచాను.

కుర్రాడు కుంచె పట్టుకుని కిందికి దిగాడు. భయపడ్డాడు పాపం. తన ఫోన్ తీసి ఫోటో చూపించాడు. "ఫోటో మే నహీ థా, దాదీ."

చూశాను. నిజమే. వానలో చేపలు శుభ్రం చేస్తున్నప్పుడు తీసిన ఫోటో. బొట్టు బిళ్ళ వానకి ఎక్కడో రాలిపోయింది. నాలుగు రోజులు కూడా నిలవని జిగురుతో అమ్ముతున్నారు బిళ్ళలు. గాజులు పొలుసు అంటకుండా తీసి కొంగున కట్టుకున్నాను, కొంగు ముడి కూడా ఫోటోలో కనిపిస్తోంది. ఫోటో తీసిన రోజున మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు, పీత కరిస్తే కాలికి పసుపు కట్టుకుని. ఆ సంగతి గోడకి తెలుసా? చూసేవాళ్ళకి తెలుసా?

మనవరాలి ముఖం పాలిపోయింది. "మామ్మా, నాకు తెలీదు... నేను అలా సోచా నహీ..."

"భయ్యా, అభీ లగా దో" అని ఏడుపు గొంతుతో అతణ్ణి బతిమాలింది.

కుర్రాడు వెంటనే ఎర్ర రంగు కలిపాడు. పరంజా ఎక్కబోయాడు. అప్పుడు నాకు ఇంకో దెబ్బ తగిలింది. పరాయి మగవాడు నా నుదుట బొట్టు పెట్టడమా? అతని చెయ్యి పట్టుకుని ఆపేశాను.

"ఇటియ్యి. నా బొట్టు నానే ఎట్టుకుంతాను."

"దాదీ, గిర్ జావోగీ!"

"పడితే పడతాను. పడవ మీద తిరిగిన కాళ్ళియ్యి."

చీర దోపుకుని పరంజా ఎక్కాను. కింద కూలీలు, టికెట్ల వరసలో ఉన్న జనం నవ్వడం మానేశారు. మనవరాలు కర్రలు రెండు చేతులా పట్టుకుంది. పైకి చేరి చూస్తే ముఖమే లేదు. దూరంనుంచి ముక్కూ కళ్ళూ అనిపించినవన్నీ దగ్గరికెళ్తే గోధుమ రంగు మరకలు, పసుపు గీతలు. ముడత అనుకున్నది కుంచె జారిన గీత. ఇన్ని మరకలు కలిసి నేను ఎలా అయ్యానో అర్థం కాలేదు. నుదురు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కూడా తెలియలేదు.

"మామ్మా, ఇంకా పైకి! కాదు, ఎడమ! అయ్యో, కనుబొమ్మ మీద పెడుతున్నావు!"

"సరిగ్గా సెప్పి సావే!"

ఒక చుక్క పెట్టాను. పక్కకి పోయిందంది. దాన్ని కలుపుతూ ఇంకొకటి. అదీ కిందికి దిగిందంది. గుండ్రం చెయ్యబోయి చుట్టూ తిప్పి తిప్పి పెట్టాను. కళ్ళలో నీళ్ళు నిండి ఏమీ కనబడలేదు. వాన వచ్చిందేమో అనుకున్నాను, రాలేదు. గాజులు కూడా నేనే గీశాను, ఎరుపే, వంకర టింకరగా. దిగబోతే కూలీ నా చెయ్యి పట్టుకుని కిందికి దించాడు, ఏ ఎకసెక్కమూ లేకుండా. కుర్రాడు తన కుంచెలు కడుక్కున్నాడు. మనవరాలు ఫోటో తియ్యలేదు.

ఆ రోజు వచ్చిన బోట్లలో ఎవరూ మా డింగీని చూడలేదన్నారు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. మధ్యాహ్నం రంగత్ వైపునుంచి వచ్చిన బోటులోంచి జనం దిగుతున్నారు. సంచులు, కోళ్ళ బుట్టలు, పిల్లలు. వాళ్ళ మధ్యలో ఉప్పు పట్టి అట్ట కట్టిన చొక్కాతో మా ఆయన. చేతిలో గోనె సంచి. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు, నేనేదో అనుకోకుండా బజారులో ఎదురుపడినట్టు.

"ఏటే, ఇక్కడేటి సేత్తన్నావు? ఇంజను ఆగిపోనాది. ఫోను నీళ్ళలో పడిపోనాది. తమ్ముడు డింగీ కాడ ఉన్నాడు. నాను పార్టు కొనుక్కుని రేపు బోటుకి ఎల్లిపోవాల."

మనవరాలు తాతని పట్టుకుని బోరుమంది. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఆయన పిల్ల వీపు నిమురుతూ రోడ్డెక్కి, గోడ ముందుకొచ్చి ఆగిపోయాడు. తల పైకెత్తాడు. మెల్లిగా సంచి కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"మాయమ్మ బొమ్మ ఎవులేసినార్రా ఇక్కడ?"

మా అత్త పోయి ఎన్నో ఏళ్ళు. నేను ఆవిడంత ముసలిదాన్నయ్యానని ఎవరూ చెప్పలేదు, ఇంట్లో అద్దమూ చెప్పలేదు.

"మీయమ్మ కాదు. నానే" అన్నాను.

జోడించిన చేతులు దించేశాడు. గోడని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ గోడని చూశాడు.

"నువ్వా? మరా బొట్టేటే, అప్పడమంత!"

మనవరాలు చెప్పడానికి నోరు తెరిచింది. దాని వైపు ఒక్క చూపు చూశాను. మూసేసింది.

"రంగు మిగిలిపోనాది" అన్నాను. "పారబోసుకుంతామేటి?"

ఆయన తల ఊపి, పార్టుల షాపు మూసేస్తారని గబగబా ముందుకి నడిచాడు. గోనె సంచి నేను అందుకున్నాను. ఆ గోడకే, గంప బొమ్మ పక్కన, వీపు ఆనించి రోడ్డు మీద కూర్చుండిపోయాను.