విదేశీ వార్తల పేజీ

నేను చదవాలనుకున్న చదువుకు అప్పట్లో మా వైపు పేరు కూడా లేదు. ఇప్పటి పిల్లలు దాన్ని గ్లోబల్ స్టడీస్ అంటున్నారు. ఏ దేశం ఏ దేశంతో ఎందుకు కొట్లాడుతుందో నాకు తెలియాలి. తర్వాత ఆ దేశాల్లో మన తరఫున కూర్చుని మాట్లాడే ఉద్యోగం కావాలి. చివరికి నా విదేశాంగ సేవ దొనకొండ స్టేషన్‌లో టిక్కెట్ల కిటికీ వెనక ముగిసింది. ఆ ఆశ పెట్టింది మార్కాపురంలో ఒక ముసలి ప్లీడరు, దాని గొంతు నులిమిందీ ఆయనే. పోయినవాళ్ళను తిట్టొద్దని మా ఆవిడ అంటుంది. నేను వినను.

మాది పెద్దారవీడు. నాయనకు కొన్ని గొర్రెలు, కాస్త మెట్ట ఉండేవి. మార్కాపురం హైస్కూల్లో చదివేటప్పుడు నేను ప్లీడరుగారింటి వెనక వసారాలో ఉండేవాణ్ణి. రెండు పూటలా తిండి పెట్టేవాళ్ళు. దానికి బదులు నేను రోజూ ఆయనకు ఇంగ్లీషు పేపరు చదివి వినిపించాలి. ఆయనకు రెండు కళ్ళూ పోయాయి. మద్రాసు నుంచి పేపరు ఒక రోజు ఆలస్యంగా రైల్లో వచ్చి, స్టేషన్ నుంచి జట్కాలో ఊళ్ళోకి చేరి, మధ్యాహ్నానికి నా చేతిలో పడేది.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. మేమప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవాళ్ళం, కర్నూలే రాజధాని. ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్నాయని చెప్పుకునేవారు. గుడారమైతేనేం, మనవాడు ఒకడు అందులో కుర్చీ వేసుకుని కూర్చోకపోతాడా అని ప్రతి ఇంట్లోనూ ఆశ ఉండేది.

ప్లీడరుగారికి రాష్ట్రం గొడవ పట్టదు. ఆయన ప్రాణమంతా విదేశీ వార్తల పేజీలో ఉండేది. కుర్రతనంలో లండన్ పోయి బారిస్టరు చదవాలనుకున్నాడట, సముద్రం దాటితే నూతిలో దూకుతానని వాళ్ళమ్మ బెదిరించిందట. అప్పటినుంచి ఆయన ప్రపంచాన్ని కాగితం మీదే ఏలుతున్నాడు. మధ్యాహ్నం నేను చదివినదంతా సాయంత్రం అరుగు మీద చేరిన కక్షిదారులకూ వేరుశనగ వ్యాపారులకూ తానే కళ్ళారా చూసొచ్చినట్టు చెప్పేవాడు. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవారు. వార్త తెలియడం ఒక్కటే ఆయనకు చాలదు, ఊళ్ళో అందరికంటే ముందు తెలియాలి.

నా చదువుకు పథకం వేసింది ఆయనే.

"ముందు కర్నూల్లో ఇంటరు. చరిత్ర, లాజిక్కు తీసుకో. ఆ మీదట బి.ఏ., పాలిటిక్సు, ఎకనామిక్సు. ఆన్నించి మద్రాసు, ఆ తర్వాత ఢిల్లీ పరీక్ష. అది నెగ్గినావంటే ఏ దేశమంటే ఆ దేశం పంపిస్తారు. మన దేశానికి అన్ని చోట్లా మనుషులు కావల్సి వచ్చిందిరా ఇప్పుడు."

"నన్ను తీసుకుంటారా తాతా?"

"తయారు చేస్తే తీసుకుంటారు. నేను చేస్తా."

ఆ తయారు చేయడం మొదట్లో బాగానే ఉండేది. అట్లాసు ముందు పెట్టి రేవులూ నదులూ అడిగేవాడు. తప్పు చెబితే చేతికర్రతో మోకాలి మీద కొట్టేవాడు. తర్వాత అది అరుగు మీదికి ఎక్కింది. రాయబారికి నడక రావాలని తన పాత బూట్లు నా కాళ్ళకు తొడిగించాడు. అవి నాకు పెద్దవి. వాటితో అరుగు ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి, చివర్న రాణిగారు ఉన్నట్టు వంగి దండం పెట్టాలి. వ్యాపారులు తొడలు చరుచుకుని నవ్వేవారు. ఆ తర్వాత చెంచా వచ్చింది. అరుగు మీద విస్తరి వేసి, అందులో సంగటి ముద్ద పెట్టించి, చేయి తగలకుండా చెంచాతో తినమనేవాడు. సంగటి చెంచాకు అంటుకుని వదలదు. విదిలిస్తే చొక్కా మీద పడేది.

"ఏంది రాయబారీ, రాణిగారి మీద గూడా ఇట్లనే చల్లుతావా?" అని ఎవడో ఒకడు అనేవాడు. అందరికంటే గట్టిగా ప్లీడరుగారే నవ్వేవాడు. నేను ఒళ్ళు మండిపోతున్నా చెంచా మళ్ళీ ముద్దలో గుచ్చేవాణ్ణి. సీటు ఆయన మాట మీద ఉంది. మా నాయనకు అక్షరం ముక్క రాదు కాబట్టి, కాలేజీకీ హాస్టలుకూ నా తరఫున పెద్దమనిషిగా ఆయన మాటివ్వాలి. ఆ మాట కోసం నేను గడ్డి కూడా చెంచాతో తినేవాణ్ణే.

ఒకరోజు సాయంత్రం ఆ ఆట జరుగుతుండగా నాయన వచ్చాడు. గొంగడి భుజాన వేసుకుని అరుగు కింద నిలబడ్డాడు. అందరూ నవ్వుతుంటే తానూ నవ్వాడు. తన కొడుకు ఇంతమంది పెద్దమనుషులను నవ్వించేంతవాడయ్యాడని సంబరపడ్డాడు. పోయేటప్పుడు నా తల మీద చేయి వేసి, "తాత చెప్పినట్ల వినుకో నాయనా, ఆయన మనకు దేవుడు" అన్నాడు.

నేను పరీక్ష పాసయ్యాను. మా బడి నుంచి ఇద్దరికి కర్నూల్లో సీటుకు హెడ్మాస్టరు ప్రయత్నం చేశాడు. ఒకడు సోడా దుకాణం సాయిబుగారి అబ్బాయి, నా పక్కన కూర్చునేవాడు. రెండోవాణ్ణి నేను. వానలు మొదలయ్యాయి, జూన్ వెళ్ళిపోయింది. నేను రోజూ అడిగేవాణ్ణి.

"ఇంకా కబురు రాలేదురా" అనేవాడు ప్లీడరుగారు. "కొత్త రాష్ట్రం, అంతా గుడారాల్లో ఉండె. ఆలస్యమైతాది. ఎదురుచూడాల."

ఎదురుచూశాను. ఒక ఆదివారం సోడా దుకాణం ముందు ఆ అబ్బాయి కనిపించాడు. కర్నూలు నుంచి పరుపుచుట్ట తీసుకుపోవడానికి వచ్చాడట. క్లాసులు ఎప్పుడో మొదలయ్యాయి.

"హాస్టల్లో నీ మంచం ఇంకొకనికి ఇచ్చినారు. నీకు తెలవదా?" అన్నాడు. "ప్లీడరు తాతే హెడ్మాస్టరుతో చెప్పినాడంట, వాడికి ఈ ఏడు వద్దులే అని."

పరుగున ఇంటికొచ్చాను. ప్లీడరుగారు వాలుకుర్చీలో ఉన్నాడు. అడిగాను. అబద్ధమాడితే బాగుండునని ఆయన నోటివైపే చూశాను. ఆయనకు ఆ అవసరం కూడా కనిపించలేదు.

"అవును, నేనే చెప్పినా. నువ్వు పోతే నాకు పేపరు ఎవరు చదువుతార్రా?"

"మాటిచ్చినారు కదా తాతా."

"వచ్చే ఏడు చూద్దాం. నన్ను గూడా మా యమ్మ ఆపింది. నేనేమన్నా చచ్చినానా?"

తర్వాత, పేపరు వచ్చిందేమో చూడమన్నాడు.

ఊరికి పోలేకపోయాను. పెద్దారవీడులో అప్పటికే చిన్నా పెద్దా నన్ను కలెక్టరూ అని పిలుస్తున్నారు, తిరిగిపోతే గొర్రెలు కూడా నవ్వేవి. ఆ మధ్యాహ్నం పేపరు తెచ్చి ఆయన ముందు కూర్చున్నాను. మొదటి పేజీలో రాష్ట్రాల గొడవలు చదివాను. విదేశీ వార్తల పేజీ దగ్గరికొచ్చేసరికి నా చేయి దానంతట అదే దాన్ని దాటేసింది. కోర్టు తీర్పులు చదివాను, నూనె ధరలు చదివాను.

"బయటి దేశాల సంగతులేవిరా?"

"ఏం రాయలేదు తాతా."

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఒక వారం తర్వాత ప్లీడరుగారి భార్య నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది. ఆమెకు చదువు రాదు. ఆ ఇంట్లో ఆమె మాట ఎవరూ విన్న గుర్తు నాకు లేదు. దొరికిపోయాననుకున్నాను.

"రెండు కాయితాలు ఒకేపారి తిప్పొద్దురా" అంది మెల్లగా. "చప్పుడు మారుతాది. ఆయప్ప చెవులతో లెక్కబెడతాన్నాడు." పొయ్యి ఊదుకోవడానికి లోపలికి పోయింది.

ఆ తర్వాత ఒక్కో పేజీ జాగ్రత్తగా తిప్పాను.

సరిగ్గా ఆ నెలల్లోనే ప్రపంచం సూయెజ్ కాలువ దగ్గర గుమిగూడింది. ఈజిప్టువాళ్ళు కాలువ తమదన్నారు. ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు పళ్ళు నూరుతున్నారు. ఆ పేజీ నేను వసారాలో ఒక్కణ్ణే కూర్చుని చదువుకునేవాణ్ణి, ఒక్క ముక్క వదలకుండా. అదే నా కాలేజీ. అరుగు మీద ప్లీడరుగారికి చెప్పడానికేమీ లేకుండా పోయింది. పాత సంగతులే మళ్ళీ చెబుతుంటే వ్యాపారులు ఆవులించారు. ఒకసారి ఒక వేరుశనగ వ్యాపారి, "ఏంది సామీ, ఎక్కడో కాలువ కాడ యుద్ధమంట గదా, మీకు తెలవదా?" అనేశాడు. ఆయన ముఖం మాడిపోయింది. ఆ ముఖాన్ని నేను స్తంభం పక్క నుంచి తనివితీరా చూశాను. సంగటి విస్తరి ముందు నా ముఖాన్ని ఆయన చూడలేకపోయాడు కదా, ఆ సుఖం నాకు దక్కింది.

తర్వాత రెండు రోజులకు మధ్యాహ్నం పేపరు వచ్చింది. ఇంగ్లీషు, ఫ్రెంచి విమానాలు ఈజిప్టు మీద బాంబులు వేశాయి. పేజీ నిండా అదే వార్త. ప్లీడరుగారు నా చేయి తడుముకుని పట్టుకున్నాడు.

"నువ్వు దాచిపెడతాండావని నాకు తెలుసురా. కోపం ఉంటాది, ఉండనీ. సూయెజ్ ఏమైందో చదువు. ఈ ఒక్కటి చదువు. రేపే హెడ్మాస్టరును పిలిపిస్తా. వచ్చే ఏటి సీటుకు నీ ముందరే మాటిస్తా. కర్నూలు పోదువులే, బి.ఏ. చేద్దువులే. చదవరా నాయనా."

నన్ను ఆయన నాయనా అనడం అదే మొదటిసారి. వంటింట్లో ఆమె పొయ్యి ఊదడం ఆపింది. పేపరు నా ఒళ్ళో తెరిచే ఉంది. నోరు తెరిచి నాలుగు వాక్యాలు చదివితే చాలు, పోయిన సీటు తిరిగొస్తుంది. ఆయన ఆ మాట నిలబెట్టుకునేవాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నిలబెట్టుకునేవాడనే ఆ క్షణంలో నమ్మాను. నమ్మే అన్నాను.

"ఇంకా కబురు రాలేదు తాతా. ఆలస్యమైతాది. ఎదురుచూడాల."

ఆయన చేయి నా చేతిని వదిలేసింది. ఆ మాటలు ఎవరివో ఆయన గుర్తుపట్టాడు. నేను చప్పుడు కాకుండా పేజీ తిప్పి, మద్రాసులో వేరుశనగ నూనె ధరలు మొదటినుంచీ చదివాను.